ప్రభావతమ్మ అడిగిన పిట్ట

నాంపల్లి స్టేషన్ వెనక సందులో వామన్‌రావు ఇల్లెక్కడని అడిగితే "ప్రభావతమ్మ ఇల్లా?" అని ఎదురు ప్రశ్న వచ్చేది. ఇల్లు వామన్‌రావు తాతలనాటిది. ఆయన భార్య ప్రభావతి కాపురానికొచ్చిన కొద్దికాలానికే ఆ ఇల్లు ఆమె పేరు మీద చెలామణి అయిపోయింది. కారణం ఆమె నోరు. చెడ్డ నోరు కాదు పాపం, ఒకరి మీద చాడీ చెప్పి ఎరగదు. కాకపోతే మాట్లాడకుండా ఉండలేదు. గోడవతలి బేగంతో ఉర్దూలో, మేడ మీది మరాఠీ ముసలమ్మతో మరాఠీలో, కూరగాయల గంప దించుకునే మనిషితో అచ్చం ఆ మనిషి యాసలో గంటలు గంటలు ముచ్చట పెట్టేది. కూరలు కొనడం మరిచిపోయి ఆ మనిషి కూతురి కాన్పు సంగతి తెలుసుకొని లోపలికి వచ్చేది.

"స్టేషన్ల బండ్లన్న ఆగుతయి గని మా ప్రభ నోరు ఆగదు" అనేది అత్తగారు జయమ్మ. అనడమే గాని, కోడలు నాలుగు రోజులు పుట్టింటికి వెళితే ఇల్లంతా బావురుమంటున్నదని మొదట బెంగపెట్టుకునేది కూడా ఆమే.

వామన్‌రావు అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో పార్శిళ్ల కౌంటర్ దగ్గర కూర్చునేవాడు. మనిషి బహు నెమ్మది. ఔనంటే తల ఊపడం, కాదంటే కళ్లజోడు తీసి తుడవడం, అంతే. మీ ఇద్దరికీ ఎట్లా కుదిరిందమ్మా అని ఎవరైనా అడిగితే ప్రభావతి నవ్వేది. "ఆయన వంతువి గూడ నేనే మాట్లాడుతున్న. ఇంట్ల ఎవరో ఒకరు మాట్లాడాలె కద!"

పోలీస్ యాక్షన్ అయి మూడేళ్లు గడిచిన ఆ వానాకాలంలో వాళ్ల ముందుగది కిరాయికి ఒక పంతులు వచ్చాడు. పేరు శ్యామ్‌సుందర్. కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు. ముప్పై ఏళ్ల బ్రహ్మచారి. రిక్షాలో పుస్తకాల పెట్టెలు, మెడలో దుర్భిణి. వంటసామాను మాత్రం లేదు. జయమ్మ గడపలోనే నిలబెట్టి అడిగింది.

"దుర్బీను ఎందుకయ్యా? ఎదురింటోళ్లను చూస్తవా ఏంది?"

"కాదమ్మా, పిట్టలను చూస్తాను" అన్నాడు అతను, చెవులదాకా ఎర్రబడి.

ఆ సాయంత్రమే ప్రభావతి అతని పిట్టల కథంతా రాబట్టింది. అతను వెతుకుతున్నది బట్టమేక పిట్ట. మేకపిల్లంత ఎత్తు ఉంటుంది, తెల్లటి పొడుగు మెడ, నెత్తి మీద నల్లటి టోపీ. చెట్టెక్కదు. గడ్డిబీళ్లలో రాజులా నడుచుకుంటూ తిరుగుతుంది. ఏడాదికి ఒకటే గుడ్డు, అదీ నేల మీదే పెడుతుంది. ఒకప్పుడు పాలమూరు జిల్లా మెట్టబీళ్ల నిండా ఉండేవట. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జీపులొచ్చాయి, జీపుల్లో తుపాకులొచ్చాయి, బీళ్లు దున్ని సాగులోకి తెచ్చారు. ఇప్పుడు ఎక్కడ మిగిలాయో, అసలు మిగిలాయో లేదో చెప్పగలిగినవాడు లేడు.

"జిల్లా అంతా తిరగాలంటే నా జన్మ చాలదు. అందుకని ముందు మనుషులను అడుగుదామని" అన్నాడు.

"ఏ మనుషులను?"

"పాలమూరు నుంచి బతకడానికి వచ్చినవాళ్లను. ఈ స్టేషన్ చుట్టూ ఎంతమంది లేరు?"

నిజమే. అబిడ్స్‌లో లేస్తున్న కొత్త మేడలకు ఇటుకలు మోసేది వాళ్లే, నాంపల్లి గూడ్స్ షెడ్డులో బస్తాలు ఎత్తేది వాళ్లే. పట్టాల పక్కన తాటాకు, రేకు కలిపి వేసుకున్న గుడిసెల్లో ఉండేవాళ్లు. ప్రభావతి రోజూ ఆ దారినే ఉప్పూపప్పూ తెచ్చుకునేది. వాళ్ల దగ్గర ఒక పిట్ట సంగతి ఉంటుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

కొన్ని రోజులకు ఆమె ఆ గుడిసెల దగ్గర శ్యామ్‌సుందర్‌ను చూసింది. ఇస్త్రీ పాంటు, చేతిలో కాగితాలు. ఎదురుగా బీరయ్య అనే హమాలీ చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. పక్కన అతని తల్లి కిష్టవ్వ జొన్నరొట్టె తడుతూ తల ఎత్తడం లేదు. శ్యామ్‌సుందర్ కాగితం చూసి చదువుతున్నాడు.

"మీ గ్రామ పరిసరాలలో ఈ కింది పక్షులలో దేనినైనా మీరు గమనించియున్నారా?"

"ఎరుక లేదు సారూ" అన్నాడు బీరయ్య.

"కనీసం విన్నారా?"

"ఇనలేదు సారూ. మేం ఎవరి జోలికి పోలేదు సారూ."

చుట్టుపక్కల గుడిసెల్లోంచి ఒక్కొక్కరే జారుకుంటున్నారు. రజాకార్ల గొడవలు మొదలైన ఆ నాలుగైదేళ్లలో కాగితం పట్టుకొని ఊళ్లోకి వచ్చినవాళ్లు అడిగిన ప్రశ్నలేమిటో అందరికీ తెలుసు: మీ ఇంటికి ఎవరొచ్చారు, ఎవరికి అన్నం పెట్టారు, ఎటు పోయారు. ఏది చెప్పినా ఎవరో ఒకరి ప్రాణం మీదికి వచ్చేది. నోరు మూసుకోవడమే వాళ్లు నేర్చుకున్న జాగ్రత్త.

ప్రభావతికి నవ్వూ జాలీ కలిసి వచ్చాయి. కిష్టవ్వ పక్కన చతికిలబడింది. "అవ్వా, రొట్టె ఇంత పల్చగ ఎట్ల కొడుతున్నవ్? నాకు సగానికే చినుగుతది. పిండిల వేడినీళ్లు పోస్తవా?" అంది.

కిష్టవ్వ మొదటిసారి తలెత్తింది. "మసలనీళ్లు పొయ్యాలె బిడ్డా. గోరువెచ్చగ పోస్తె ఇరుగుతది."

ఆ మాటతో మొదలైన ముచ్చట చాలాసేపు సాగింది. రొట్టె నుంచి జొన్నకు, జొన్న నుంచి చేనుకు, చేను నుంచి చేని పక్క బీడుకు వెళ్లింది. తాము కురుమలమనీ, ఒకప్పుడు గొర్రెల మంద ఉండేదనీ, కరువు, జబ్బు కలిసి మందను తినేశాయనీ కిష్టవ్వే చెప్పింది. శ్యామ్‌సుందర్ దూరంగా నిలబడి, పట్టాల మీద పోతున్న ఇంజన్ను చూస్తున్నట్టు నటిస్తూ అంతా విన్నాడు.

ఇంటికి వచ్చాక చేతులు జోడించాడు. "ప్రభావతి గారూ, ఈ పని మీరు చేసిపెట్టాలి."

"ఏం పని సారూ? నేను ముచ్చటే కద పెట్టింది!"

"అదే పని."

జయమ్మ వింతగా చూసింది. ముచ్చట పెట్టడం కూడా పని అని ఆమె ఎన్నడూ వినలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర ప్రభావతి భర్తను అడిగింది. వామన్‌రావు మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు. "మంచిగుంటది. పో" అన్నాడు. ఆయన లెక్కలో అది పెద్ద ఉపన్యాసమే.

శ్యామ్‌సుందర్ ఆమెకు ప్రశ్నలు నేర్పాడు. ఎవరినైనా అవే ప్రశ్నలు, అదే వరసలో అడగాలి. అట్టల మీద అతనే రంగులతో వేసిన పిట్టబొమ్మలు ఇచ్చాడు. నెమలి, కంజు, కొంగ, బట్టమేక, ఇంకా కొన్ని. ఒక్కొక్కటే చూపించి, చూశారా లేదా అని రాసుకోవాలి. ప్రభావతి బుద్ధిగా తల ఊపింది. వరస మాత్రం మొదటి రోజే తప్పింది. పోశవ్వ అనే ఆమె బిడ్డకు జ్వరమని తెలిసి, ముందు దవాఖానకు తీసుకుపోయి, తిరిగివచ్చేటప్పుడు రిక్షాలో అట్టలు చూపించింది.

అయినా పని అద్భుతంగా సాగింది. చలికాలం వచ్చేసరికి ఆమె కనబడితే చాలు, గుడిసెల్లోంచి "అక్కొచ్చింది" అని పిలుపులు. ఎవరిని అడిగినా పిట్టలే పిట్టలు. బట్టమేకలా? మా ఊరి గడ్డిబీట్ల మస్తుగున్నయి. మొన్న పండుగకు పోయినప్పుడు గూడ చూసినం. ప్రభావతి సంతోషం పట్టలేకపోయేది. కళ్లు విప్పార్చి "అవునా! ఎన్ని? ఇంకా?" అని అడిగేది. అప్పటికి ఆ పిట్టను కలలో కూడా చూస్తున్నది. ఎన్నడూ చూడని ఆ పిట్ట మీద ఆమెకు కన్నబిడ్డ మీదున్నంత ప్రేమ పుట్టుకొచ్చింది. ఇంటికొచ్చి చెబితే శ్యామ్‌సుందర్ జిల్లా పటం మీద ఆ ఊరి దగ్గర ఎర్రచుక్క పెట్టేవాడు. చూస్తుండగానే పటం నిండా ఎర్రచుక్కలయ్యాయి.

ఎండాకాలం సెలవుల్లో అతను సంబరంగా బయలుదేరి చుక్క పెట్టిన ఊళ్లన్నీ తిరిగాడు. ముఖం మాడిపోయి, చెప్పులు తెగి, ఒక మధ్యాహ్నం తిరిగి వచ్చాడు. ఒక్క పిట్ట కూడా కనబడలేదు. బీళ్లున్నాయని చెప్పిన చోట వేరుశనగ చేలున్నాయి.

జయమ్మ ఇచ్చిన చల్ల తాగి అతను కాగితాల కట్ట ముందు వేసుకొని కూర్చున్నాడు. చాలాసేపటికి ఒక అట్ట తీసి ప్రభావతి ముందు పెట్టాడు. పొడుగు మెడ, బూడిదరంగు ఒళ్లు, బలమైన కాళ్లు ఉన్న పిట్ట.

"ఇది గుర్తుందా?"

"ఎందుకు లేదు? కిష్టవ్వ వాళ్ల ఊరి చెరువు కాడ ఉంటదన్నది. పోశవ్వ గూడ చూసిందట."

"సగానికి పైగా చూశామన్నారు." అతని గొంతు నీరసంగా ఉంది. "ఇది సముద్రాల అవతల, అమెరికా ఖండం కింది భాగంలో ఉండే పిట్ట. మన దేశంలో ఏ కాలంలోనూ లేదు."

ప్రభావతికి ఒక్క నిమిషం అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం కందిపోయింది. "నన్ను పరీక్ష పెట్టినవా సారూ?"

"మిమ్మల్ని కాదు. ప్రశ్నలను. ఈ దేశంలో లేని పిట్టను కూడా చూశామన్నారంటే, ఉన్న పిట్టను చూశామన్న మాటను ఎంతవరకు నమ్మాలి? అది తెలుసుకోవడానికే ఇట్లాంటి బొమ్మ ఒకటి కలుపుతారు." అతను తల దించుకున్నాడు. "మొదటి నెలలోనే నేను చూసుకోవాల్సింది. చూడలేదు. చుక్కలు పెరుగుతుంటే నాకూ ఆశగానే ఉండింది."

ప్రభావతి ఆ అట్ట తీసుకొని లేచి చెప్పులేసుకుంది. ఎండలోనే గుడిసెల దాకా నడిచింది. కిష్టవ్వ చింతచెట్టు నీడలో గోనెసంచి కుడుతున్నది. అట్ట ఆమె ముందు పెట్టింది.

"అవ్వా, నిజం చెప్పు. ఈ పిట్టను చూసినవా?"

కిష్టవ్వ బొమ్మను చూడలేదు, ప్రభావతి ముఖంలోకి చూసింది. సూది పక్కన గుచ్చింది. "లేదు బిడ్డా."

"మరి చూసిన అని ఎందుకు చెప్పినవ్?"

"నువ్వు బొమ్మ చూపెట్టేటప్పుడు నీ మొకం ఎట్లుంటదో నీకెరుకనా? లేదంటె గా మొకం ఎంత చిన్నబోతదో అనిపించింది. నోరు రాలేదు."

"అందరు గంతేనా?"

"నాకేమెరుక? గని లేదంటె నువ్వు రాసుకొని లేచి పోతవ్. ఉన్నదంటె ఇంకింతసేపు కూసుంటవ్. ఏ చెట్టు కింద, ఏ వాగు పక్కన అని అడుగుతవ్. ఈ పట్నంల మా ఊరి ముచ్చట అడిగేటోళ్లు ఎవరున్నరు బిడ్డా? మేం మోసే బస్తా తప్ప మా మొకం ఎవలు చూస్తరు?"

కోపంతో వచ్చిన ప్రభావతికి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాళ్లు తనను మోసం చేయలేదు. తాను కోరింది తనకు ఇచ్చారు. కూరల్లేని ఇంట్లో కూడా చుట్టానికి ఏదో ఒకటి వండి పెట్టినట్టు, లేని పిట్టలను తెచ్చి ఆమె ఒళ్లో పెట్టారు.

ఆ తర్వాత ఆమె కొన్నాళ్లు మాట్లాడడం మానేసింది. ఇల్లు బెంబేలెత్తిపోయింది. గోడవతలి బేగం ఖీర్ పంపి, తబియత్ ఎట్లుందని కబురు చేసింది. జయమ్మ మిరపకాయలు దిగదుడిచింది. శ్యామ్‌సుందర్ తన వల్లే అనుకొని తలుపు చాటునే తిరిగాడు. చివరికి ఒక సాయంత్రం వామన్‌రావే కుర్చీ జరుపుకొని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"రేపు ఒకసారి పోస్టాఫీసుకు రా" అన్నాడు.

"ఎందుకండీ?"

"ఊరికే. కూసుందువు గని."

మర్నాడు ఆమె అబిడ్స్ పోస్టాఫీసులో ఒక స్తంభం పక్క బల్ల మీద కూర్చుంది. కౌంటర్ దగ్గరికి ఒక పెద్దాయన వచ్చాడు. కొడుకు పంపిన పార్శిల్ అందలేదని గట్టిగట్టిగా అరిచాడు. వామన్‌రావు ఏమీ అనలేదు. కళ్లజోడు లోంచి ఆయన్నే చూస్తూ కూర్చున్నాడు. పెద్దాయన అరిచి అరిచి తగ్గాడు. కాసేపాగి, పార్శిల్ ఎప్పుడు పంపాడో కచ్చితంగా తెలియదన్నాడు. ఇంకాసేపాగి, అసలు పంపుతానన్నాడే గాని పంపినట్టు రాయలేదన్నాడు. చివరికి గొంతు తగ్గించి, కొడుకు దగ్గర నుంచి చాలా రోజులుగా ఉత్తరమే లేదని చెప్పాడు. వామన్‌రావు లోపలికి వెళ్లి వెతికి వచ్చి, ఆయనకు కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చాడు.

తిరిగి నడిచి వస్తుంటే ప్రభావతి అడిగింది. "ఆయనకు పార్శిల్ లేదని మీకు ముందే ఎరుకనా?"

"లేదు."

"మరి ఏమడగకుంట ఎట్ల కూసున్నరు?"

వామన్‌రావు నాలుగడుగులు వేసి ఆలోచించాడు. "నేను అడిగితె, నేను అడిగిందే చెప్తరు. ఊకుంటె, వాళ్లకున్నది చెప్తరు" అన్నాడు. అన్నేళ్ల కాపురంలో ఆయన మౌనం వెనక ఒక విద్య ఉందని ప్రభావతికి ఆ రోజే తెలిసింది. మొగుడి ముఖాన్ని కొత్తగా చూసినట్టు దారి పొడుగునా చూస్తూ నడిచింది. ఆయన సిగ్గుపడి కళ్లజోడు తుడుచుకున్నాడు.

మళ్లీ పని మొదలుపెట్టే ముందు ఆమెకూ శ్యామ్‌సుందర్‌కూ పెద్ద వాదనే జరిగింది. ముందే బొమ్మ చూపించొద్దని ఆమె అంది. మీ బీట్లో ఏముండేవి అని అడిగి ఊరుకుందాం, వాళ్లంతట వాళ్లు చెప్పిందే రాద్దాం అంది. అట్లా అయితే ఒకరి జవాబును ఇంకొకరి దానితో పోల్చడం కుదరదని అతను అడ్డుకున్నాడు. చివరికి ఇద్దరూ చెరో మెట్టు దిగారు. ముందు ముచ్చట, చివరన బొమ్మలు. అమెరికా పిట్ట బొమ్మ ఉండాల్సిందేనని అతను పట్టుబట్టాడు. ఆమె ఒప్పుకుంది. ఆ బొమ్మ దెబ్బ ఆమె అప్పటికే తిని ఉంది. "చూశారా" అని అడగడం తీసేసి "ఆఖరుసారి ఎప్పుడు చూశారు" అని అడగడం పెట్టారు. అది ఇద్దరికీ ఒకేసారి తట్టింది. ఎవరికి ముందు తట్టిందని తర్వాత చాలా ఏళ్లు పోట్లాడుకున్నారు.

ఆ నెలంతా ప్రభావతి అద్దం ముందు నిలబడి ముఖం సాధన చేసింది. ఔనన్నా కాదన్నా కనుబొమలు కదలకూడదు. ఒకరోజు జయమ్మ చూసి హడలిపోయింది. "ఏమైందే నీకు? మళ్ల దిష్టి తీయాల్నా?"

"ఏం లేదత్తయ్యా. మొకాన్ని ఊకోబెడుతున్న."

నోటిని ఊరుకోబెట్టడం ఇంకా కష్టమైంది. మధ్యలో మాట పడకుండా నాలుకను పళ్లతో నొక్కి పట్టుకునేది. కానీ ఆ ఖాళీలోంచే అసలు మాటలు రావడం మొదలైంది. కిష్టవ్వ ఒక సాయంత్రం పిట్ట ఊసు లేకుండానే తన పెనిమిటి గురించి చెప్పుకుంటూ పోయింది.

"మా బీరయ్య అప్పుడు చంకల పిల్లగాడు. వానలు పడ్డంక మంద తోలుకొని బీట్లకు పోయినం. గడ్డిల బట్టమేక గుడ్డు ఉండె. ఒక్కటే. తల్లి జర దూరం పోయి నిలవడ్డది, ఉరకలేదు. మా ఆయన మందనంత మళ్లేసి వేరే దిక్కు కొట్టుకపోయిండు. గొర్లు తొక్కుతయని. గా దినమంత గడ్డి దొరకక గొర్లు అరిసినయి." పొయ్యిలో పుల్ల ముందుకు తోసింది. "ఆయన పోయినంక నేను గా పిట్టను మళ్ల చూడలేదు బిడ్డా. ఉన్నయో లేవో నాకెరుక లేదు."

ప్రభావతి కనుబొమలు కదలలేదు. 

ఎవరూ సంవత్సరం అంకెల్లో చెప్పలేదు. పెద్దోని లగ్గం అయిన యేడు, రజాకార్లు ఊరి మీద పడ్డ యేడు, బావి కూలిన యేడు అని చెప్పారు. వాటిని పట్టుకొని శ్యామ్‌సుందర్ పటం మళ్లీ గీశాడు. ఈసారి ఎర్రచుక్కలు దాదాపు లేవు. అంతా ఎప్పుడో పోయినవే. ఒక మూల మాత్రం, రెండు ఊళ్ల మధ్య, ఎవరిదని తేలక దున్నకుండా వదిలేసిన ఒక పెద్ద బీడు దగ్గర, నిరుడు చూశామన్నవాళ్లు కొందరు తేలారు. వాళ్లలో ఎవరూ అమెరికా పిట్టను చూశామనలేదు.

ఆ బీడు బీరయ్య మేనమామ ఊరికి దగ్గర. దారి చూపించమంటే బీరయ్య తల గోక్కున్నాడు. "వస్తగని అక్కా, ఒక్క మాట. ఊరి పేరు కాయిదంల రాస్తరా?"

"రాయాలి కదా" అన్నాడు శ్యామ్‌సుందర్.

"రాస్తె చదివినోళ్లు తుపాకులేసుకొని వస్తరు సారూ. లేకుంటె సర్కారోళ్లొచ్చి పిట్టల కోసమని గొర్లను బంద్ చేస్తరు. పిట్టలన్న పోవాలె, మేమన్న పోవాలె."

శ్యామ్‌సుందర్ కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. పరిశోధన అంటే పేరు, చోటు, తేదీ రాయడమని అతను నేర్చుకున్నాడు. చోటు రాయకపోతే ఎవరు నమ్ముతారు? రెండు మూడు రోజులు ముభావంగా తిరిగి, చివరికి ప్రభావతితో అన్నాడు. "బీరయ్య భయం నిజమే. చోటు నా దగ్గరే ఉంటుంది. నమ్మనివాళ్లు నమ్మకపోనీ."

పంతొమ్మిది వందల యాభై మూడు వానాకాలంలో వాళ్లు వెళ్లారు. వామన్‌రావు సెలవు పెట్టి భార్యతో వచ్చాడు. బస్సు దిగాక బీరయ్య ముందు, మిగిలినవాళ్లు వెనక, మోకాలెత్తు గడ్డిలో నడిచారు. తెల్లవారి మబ్బు పట్టి ఉంది. ఒక గట్టు చాటున కూర్చోబెట్టి బీరయ్య చేత్తో సైగ చేశాడు.

దూరాన ముందు ఒక తెల్లటి గీత కనబడింది. అది మెడ. మగపిట్ట గొంతు కింద తిత్తి ఉబ్బించుకొని, తోక పైకెత్తి, పెళ్లికొడుకులా అటూ ఇటూ తిరుగుతున్నది. దాని పిలుపు బావిలోంచి వచ్చినట్టు లోతుగా, ఆగి ఆగి వినబడింది. ఇంకొంచెం అవతల గడ్డిలో మరో రెండు తలలు. అంతే. శ్యామ్‌సుందర్ దుర్భిణి మెడలోంచి తీశాడు. చూడడం మరిచిపోయి దాన్ని ప్రభావతికి ఇచ్చాడు.

ఆమె చూసింది. రెండేళ్లుగా అడిగిన పిట్ట అది. ఏమైనా అంటుందేమోనని వామన్‌రావు ఎదురుచూశాడు. ఆమె ఏమీ అనలేదు. భర్త చెయ్యి పట్టుకొని గట్టిగా నొక్కింది. దగ్గర్లోనే ఒక కురుమాయన మందను మేపుతున్నాడు. పిట్టలున్న వైపు వెళ్లకుండా గొర్రెలను తనంతట తానే మళ్లించుకుంటున్నాడు. శ్యామ్‌సుందర్ దాన్ని కూడా రాసుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో ప్రభావతి అడిగింది. "సారూ, పిట్టలను కాపాడాలని మీరు రాస్తె, గీ గొర్లాయనను వెళ్లగొడతరా?"

"నాకు తెలియదు. గొర్రెలుంటే పిట్టలకు నష్టమని పుస్తకాల్లో చదివాను. ఇక్కడ చూస్తే గొర్రెలున్న చోటే పిట్టలున్నాయి. ఎందుకో తెలుసుకోవాలి."

"అయితె గొర్లోళ్లను అడగాలె."

"అడగాలి. పిట్టల గురించి మాత్రమే కాదు, వాళ్లెట్లా బతుకుతున్నారో కూడా."

అట్లా రెండో పని మొదలైంది. ఆ తర్వాతి ఏళ్లలో ప్రభావతి నెలకొకసారి ఆ ఊళ్లకు వెళ్లి, కురుమల ఇళ్లలో కూర్చొని, వాళ్ల మేత దారులు, వాళ్ల కరువులు, వాళ్ల పెళ్లిళ్లు వింటూ వచ్చింది. శ్యామ్‌సుందర్ వ్యాసం అచ్చయింది. అందులో "పాలమూరు జిల్లాలోని ఒక గడ్డిబీడు" అని మాత్రమే ఉంది. పేరు రాయమని పత్రిక నడిపేవాళ్లు పదేపదే అడిగారు. అతను రాయలేదు. కొందరు పెద్దలు అది కట్టుకథ అన్నారు. అతను ఊరుకున్నాడు. ఈ కథలోనూ ఆ ఊరి పేరు లేదు.

కోఠి మహిళా కళాశాల నుంచి విమల అనే అమ్మాయి పని నేర్చుకోవడానికి వచ్చింది. చురుకైన పిల్ల. ప్రభావతి ఆమెకు ప్రశ్నలు ఇవ్వలేదు. కిష్టవ్వ దగ్గరికి తీసుకుపోయి, సాయంత్రం దాకా కూర్చొని రమ్మని వదిలేసింది. విమల తిరిగొచ్చి, "ఆమె నన్నే అన్నీ అడిగింది. నేనే చెప్పాను. నాకేం తెలియలేదు" అని ముఖం వేలాడేసింది. ప్రభావతి పకపకా నవ్వి, "నాకు రెండేండ్లు పట్టింది తల్లీ. రేపు మళ్ల పో" అంది.

కొన్నాళ్లకు బీరయ్య నాలుగు గొర్రెలు సంపాదించుకొని, హమాలీ పని వదిలి మేనమామ ఊరికి వెళ్లిపోయాడు. కిష్టవ్వ కూడా వెళ్లింది. బండెక్కే ముందు ప్రభావతిని పట్టుకొని ఏడ్చింది. "పిట్టలు లేకున్నా నువ్వు రావాలె బిడ్డా" అంది.

యాభై ఆరు వానాకాలంలో ప్రభావతి, శ్యామ్‌సుందర్ పిట్టలను చూడడానికి మళ్లీ ఆ బీడుకు వెళ్లారు. ఈసారి జయమ్మ కూడా పట్టుబట్టి వచ్చింది. బీడు ఒక పక్క దున్నేశారు. కొత్త నాగటిచాళ్లలో నీళ్లు నిలిచి ఉన్నాయి.  మధ్యాహ్నం దాకా ఏమీ కనబడలేదు. శ్యామ్‌సుందర్ దుర్భిణి తుడిచి పెట్టెలో పెట్టేస్తుండగా కిష్టవ్వ గట్టు మీద నుంచి చెయ్యి ఊపింది.

ఒక ఆడపిట్ట గడ్డిలోంచి మెల్లగా బయటికి వచ్చింది. దాని వెనక, కాళ్లకు అడ్డం పడుతూ, గడ్డిరంగు పిల్ల ఒకటి. తల్లి ఆగితే ఆగుతున్నది, నడిస్తే నడుస్తున్నది. దున్నిన నేల దాకా వచ్చి తల్లి తల తిప్పి అటూ ఇటూ చూసింది. తర్వాత పిల్లను వెంటబెట్టుకొని గొర్రెలు మేస్తున్న వైపు తిరిగింది.

"గిదా నువ్వు ఊరంతా అడిగింది?" అంది జయమ్మ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ.

"ఔ అత్తయ్యా."

బీరయ్య గొర్రెలను ఇంకొంచెం దూరం తోలాడు.  పిల్ల గడ్డిలో కలిసిపోయేదాకా అందరూ చూస్తూ నిలబడ్డారు.